గోరువెచ్చ అంటే ఎంత

గుడివాడ స్టేషన్

ఉదయం ఐదూ నలభైకి గుడివాడ స్టేషన్‌లో పాలు పొంగాయి. టీ బడ్డీ ఆయన అటు తిరిగి గ్లాసులు కడుగుతున్నాడు. "పాలండీ" అన్నాను. ఆయన తల తిప్పకుండానే చెయ్యి చాచి స్టవ్ తగ్గించాడు. పొంగిన పాలు రేకు మీదకు జారి మాడు వాసన వచ్చింది.

బందరు వెళ్లే పాసింజరు ఇంకా రాలేదు. తొంభైల చివర్లో, ఓ డిసెంబరు. ప్లాట్‌ఫారం మీద మగవాళ్లు చాలామంది మంకీ క్యాపులు పెట్టుకుని, కళ్లు ముక్కు మాత్రమే కనపడేలా కూర్చున్నారు. మాది అనంతపురం. నేను మామూలు చొక్కాతో ఉన్నాను.

"చలి చంపేస్తోంది. మీకేం అనిపించట్లేదాండీ?" అన్నాడు బడ్డీ ఆయన.

"చల్లగా ఉంది. చలి అంత లేదు."

"చల్లగా ఉంటే చలి కాదాండీ?"

ఆయన టీ గ్లాసు అందించాడు. గ్లాసు పట్టుకుంటే వేళ్లు కాలాయి. కాస్త చల్లారాక తాగుదామని బల్ల మీద పెట్టాను. ఆయన రెండుసార్లు దానివంక చూశాడు. మూడోసారి గ్లాసు తీసుకుని టీ పారబోసి, పొగలు కక్కే టీ మళ్లీ పోసిచ్చాడు.

"ఎందుకండీ? నేను కావాలనే ఆగాను."

"చల్లారిన టీ నా బడ్డీ ముందు తాగారంటే నా పరువేం కావాలండీ? రెండు రూపాయలే ఇవ్వండి, ఒకటి కిందే లెక్క."

ఆ టీ ఊదుకుంటూ తాగాను. నేను బయల్దేరిన పని కూడా అలాంటిదే. దేన్ని ఎంత చల్లారనివ్వాలో తెలుసుకోవడానికే ఆ ప్రాంతం వెళ్లాను.

నా భార్య సుశీల ఆ ఏడు వానాకాలంలో పోయింది. ఆమెది దివిసీమ, నాగాయలంక దగ్గర పల్లె. టీచరు ఉద్యోగం మా ఊళ్లో వస్తే వచ్చి, నన్ను పెళ్లి చేసుకుని అక్కడే ఉండిపోయింది. వచ్చేటప్పుడు పుట్టింటి నుంచి పెరుగు తోడు తెచ్చుకుంది. రాత్రి మిగిలిన పెరుగులోంచి ఓ చెంచా తీసి మర్నాటి పాలలో వేయడం, మళ్లీ దాంట్లోంచి తీయడం. పాతికేళ్లకు పైగా ఆ వరస తెగలేదు. ఆమె ఆసుపత్రిలో ఉన్నన్నాళ్లూ ఇల్లు తాళం వేసి ఉంది. తిరిగి వచ్చి చూస్తే గిన్నెలో బూజు మిగిలింది.

ఎదురింటివాళ్లు తోడు ఇచ్చారు. ఒకరోజు పాలు పాలలాగే ఉన్నాయి. ఒకరోజు విరిగి నీళ్లు తేలాయి. ఇంకోరోజు పెరుగు గరిటకు తీగలు సాగింది. ఆసుపత్రిలో ఉండగా సుశీల ఒకటే చెప్పింది: "గోరెచ్చగా ఉన్నప్పుడు వేయండి, చాలు." గోరువెచ్చ అంటే ఎంత అని నేను అడగలేదు. తెలుసనే అనుకున్నాను. తర్వాత నిఘంటువు తీస్తే గోరువెచ్చకు నులివెచ్చ అనీ, నులివెచ్చకు గోరువెచ్చ అనీ ఉంది. నులివెచ్చ అనే మాటను సూర్యుడికీ, ఊపిరికీ, జ్ఞాపకానికీ వాడగా చాలాసార్లు చదివాను. పాలకు వాడగా చదివినట్టు లేదు.

సుశీల అక్కయ్య అనసూయమ్మగారు ఆ పల్లెలోనే ఉంటుంది. పుట్టింటి తోడు ఆమె దగ్గర ఉంటుంది. అది తెచ్చుకోవాలి, పాలలో ఎప్పుడు వేయాలో ఆమె దగ్గర చూసి రావాలి. సుశీల చేసినట్టుగా ఇంట్లో ఒక్క పనైనా సాగాలన్నది నా కోరిక. అది తీరకపోతే ఆ వంటింటి తలుపు మూసేసి మెస్‌లో తిందామని కూడా అనుకున్నాను.

బందరు

లాడ్జిలో కుర్చీలో కూర్చున్న ఆయనను ఉడుకు నీళ్లు కావాలన్నాను. మా వైపు స్నానానికి అదే మాట.

"ఉడుకుతున్నవాండీ? ఏం చేసుకుంటారు?" అన్నాడు భయంగా.

"స్నానం చేస్తానండీ."

"వేణ్ణీళ్లా, అట్టా చెప్పండి. బకెట్టు మూడు రూపాయలు. గదిలో వండుకుంటారేమో అనుకున్నాను. కిందటివారం ఒకాయన చేపలు వండాడు."

బకెట్టు వచ్చింది. నాకది వేడిగా లేదు. చన్నీళ్లు కలపకుండానే పోసుకున్నాను. ఆయనకు మాత్రం అవి వేణ్ణీళ్లే. మా అనంతపురంలో స్నానమంటే ఒళ్లు ఎర్రబడాలి. ఇక్కడ గాలే చెమ్మగా ఒంటికి అంటుకుని ఉంటుంది, నీళ్లతో పెద్ద పని పడదు. సుశీల కాపురానికి వచ్చిన కొత్తలో మా అమ్మ కాచిన నీళ్లకు కళ్లనీళ్లు పెట్టుకుందని చెప్పేవారు. బందరు లాడ్జి బకెట్టు చూశాక అది నమ్మాను.

మధ్యాహ్నం మిఠాయి కొట్టు ఒకటి కనపడితే ఆగాను. లోపల ఒకావిడ పీట మీద కూర్చుని తొక్కుడు లడ్డూలు కడుతోంది. పళ్లెంలో పిండి ముద్ద ఆవిరి పోతోంది. చేతులకు నెయ్యి రాసుకుని చకచకా ఉండలు చుడుతోంది. ఒక్కసారి ఆగి, పళ్లేన్ని స్టవ్ దగ్గరికి జరిపి, మళ్లీ మొదలుపెట్టింది.

"ఎందుకు జరిపారమ్మా?"

"ఆరిపోతోందండీ. ఆరితే ఉండ నిలవదు. వేడిగా ఉంటే చెయ్యి నిలవదు." కొంచెం నవ్వి, "రెండూ నిలబడే సమయం ఇంతే ఉంటుంది" అని ఓ ఉండ నా చేతిలో పెట్టింది. ఒట్టి చేతులతో వెళ్లకూడదని వదినగారి కోసం అరకిలో కట్టించుకున్నాను. ఆవిడ తూచిన తర్వాత మరొకటి పైన వేసింది. నేను వద్దంటే, "ఇది తూకం కాదండీ" అంది.

చల్లపల్లికి ఇవతల

మర్నాడు ఎక్కిన బస్సు చల్లపల్లి ఇంకా రాకముందే టైరు పంక్చరై ఆగింది. అందరం దిగాం. రోడ్డు పక్కన ఓ చిన్న పెంకుటింటి ముందు, ఎండలో, ఒక పెద్దావిడ పీట మీద కాళ్లు చాపి కూర్చుని పసిగుడ్డుకు నీళ్లు పోస్తోంది. గుమ్మం మీద చిన్న చెక్క సిలువ ఉంది. బిడ్డ ఆమె కాళ్ల మీద బోర్లా పడుకుని, ఏడవడం మరిచిపోయినట్టు ఉంది. పక్కన వేణ్ణీళ్ల కాగు, చన్నీళ్ల బిందె. ఆమె రెంటిలోంచీ చెంబుతో తీసి గిన్నెలో కలిపి, చేతితో కాక మోచేతితో ముట్టుకుని చూసింది. ఇంకో అర చెంబు చన్నీళ్లు పోసింది. మళ్లీ మోచెయ్యి ముంచింది.

"చేత్తో చూడరా?" అన్నాను.

"చేతికేం తెలుస్తుంది బాబూ. పొద్దుటేల నుంచీ కాగు దించీ, పొయ్యి ఎగేసీ మొద్దుబారిపోయింది. మోచెయ్యి ఏ పనీ చెయ్యదుగా, దానికి తెలుస్తది." అని బిడ్డ వీపు మీద నీళ్లు పోసి, "గోరెచ్చగా ఉన్నాయా తల్లీ, నా బంగారం" అని బిడ్డనే అడిగింది.

నీళ్లు పోయడం అయిపోయాక బిడ్డను తుండుగుడ్డలో చుట్టి, నుదుటి మీద చెయ్యి ఆనించి కళ్లు మూసుకుని ప్రార్థన చేసి, ఉఫ్ అని ఊదింది. మా వైపైతే సాంబ్రాణి పొగ వేసి దిష్టి తీస్తారు. చివర అలా ఊదడం మాత్రం రెండు వైపులా ఒకటే.

"ఎక్కడికెళ్తున్నారు?"

"నాగాయలంక వైపు. మా వదినగారింటికి."

"మీ ఆవిడ రాలేదా?"

"లేదమ్మా. ఆమె పోయింది."

ఆమె కాగులో మిగిలిన నీళ్లు బిందెలో కలిపి, మోచేతితో చూసి, నా ముందు పెట్టింది. "మొహం కడుక్కోండి బాబూ, దుమ్ము కొట్టుకుపోయారు." కడుక్కున్నాను. ఆ నీళ్ల వేడి ఎంతో ఇప్పుడు చెప్పమంటే చెప్పలేను. మొహానికి తగిలిన చోట వేడీ తెలియలేదు, చల్లదనమూ తెలియలేదు. అంతే గుర్తుంది.

దివిసీమ

పులిగడ్డ అక్విడెక్టు, నది మీదుగా కాలువ పారే వంతెన, దాటితే దివిసీమ. అవనిగడ్డలో బస్సు మారాను. రోడ్డుకు రెండు వైపులా వరి కోసి కుప్పలు వేశారు. సముద్రం వైపు వెళ్లేకొద్దీ చేల బదులు రొయ్యల చెరువులు వచ్చాయి. వదినగారి భర్తకు కూడా ఓ చెరువులో వాటా ఉంది. ఆ రాత్రి కాపలాకు వెళ్లాడు. నేను వెళ్లేసరికి పొద్దు వాలుతోంది.

వదినగారు గుమ్మంలోకి ఎదురొచ్చింది. కాళ్లు కడుక్కోవడానికి నీళ్లిచ్చి, లడ్డూ పొట్లం తీసుకుని, "బందరువి. దానికి ఇష్టం" అంది. తర్వాత లోపలికి వెళ్లి చాలాసేపు రాలేదు.

భోజనంలో రొయ్యల వేపుడు, గోంగూర, గడ్డపెరుగు. పెరుగు నోట్లో పెట్టుకోగానే తెలిసింది, అది మా ఇంటి పెరుగే. పులుపు తక్కువ, చివర్లో కాస్త తీపి. వచ్చిన పని అప్పుడే చెప్పేశాను.

"ఇప్పుడు ఇవ్వనండీ. దీపాలు పెట్టేశాం. సందెవేళ దాటాక తోడు గడప దాటకూడదు. పొద్దున్నే తీసుకెళ్దురుగానీ."

ఆ పట్టింపు మాకూ ఉంది. మా వైపు ఉప్పు కూడా ఇవ్వరు.

పాలు దించి పక్కన పెట్టింది. నేను ఆ గిన్నెనే చూస్తూ కూర్చున్నాను, తోడు వేసే క్షణం తప్పిపోకూడదని. ఆమె గిన్నెలు సర్దింది, పొయ్యి అలికింది, చేతులు కొంగుకు తుడుచుకుంది. పాలలో వేలు పెట్టలేదు.

"మరిదిగారూ, ఓసారి ఇటు రండి. వేలు పెట్టి చూడండి" అంది.

లేచి వెళ్లాను. చిటికెన వేలు ముంచాను. "ఊఁ" అన్నాను.

ఆమె తోడు వేసి కలిపేసింది. నేను అక్కడే నిలబడిపోయాను. సుశీల రోజూ రాత్రి అచ్చం ఇదే మాట అనేది. నేను పుస్తకంలో వేలు ఉంచుకుని వంటింట్లోకి వెళ్లేవాణ్ణి. రెండో చేతి వేలు ముంచి "ఊఁ" అనో, "ఇంకాసేపు" అనో చెప్పి వచ్చేవాణ్ణి. అదొక అలవాటు అనుకున్నాను, పడుకునే ముందు మనిషిని ఓసారి పిలవడం లాంటిదని.

"మీరు చూడరా వదినగారూ?"

"పొయ్యి దగ్గర చేతికి ఎట్టా తెలుస్తుందండీ? మా అమ్మ మా నాన్నను పిలిచేది. నేను ఈయన్ను పిలుస్తాను. ఈయన చెరువు మీదకెళ్తే పక్కింటి రత్తమ్మను పిలుస్తాను. వంట చేసిన చెయ్యి పాలు చూడకూడదు, మా ఇంట్లో అంతే." నా వైపు తిరిగి, "మీరెట్టా చూస్తున్నారు?" అంది.

"నేనే కాచి, నేనే దించి, నేనే వేలు పెట్టి."

"అందుకే విరిగాయి. కాలిన చేత్తో చూస్తే మరిగే పాలు కూడా గోరెచ్చగానే ఉంటాయి." ఆమె మొదటిసారి నవ్వింది. "'మా ఆయన వేలు బాగా చెబుతుందే, పుస్తకాలు తిప్పే వేలు, కాయలు కాయలేదు' అనేది సుశీల. మీతో అనలేదా?"

అనలేదు. అనుంటే నేను ఆ పనిని పనిగా చేసి పాడుచేసేవాణ్ణేమో.

ఆవిడ పీట వాల్చుకుని కూర్చుంది. "అసలు మీరు తీసుకెళ్దామని వచ్చిన తోడు మాది కాదండీ" అంది. "మాది ఉప్పెనలో పోయింది."

డెబ్బై ఏడు ఉప్పెన గురించి ఆ ఊళ్లో ఎవరూ ఎక్కువ మాట్లాడరు. ఆమె కూడా నాలుగు ముక్కల్లో చెప్పింది. బడి కప్పు మీదకెక్కి పిల్లలను దక్కించుకున్నారు. ఇల్లు, గేదెలు, గిన్నెలు ఏమీ మిగల్లేదు. నీళ్లు తీశాక గుడారంలో ఉన్నారు. కబురు తెలిసి సుశీల వచ్చింది.

"బట్టలు తెచ్చింది, దుప్పట్లు తెచ్చింది. కొంగు కింద ఏదో పెట్టుకుంది, తీయదే. ఏంటే అంటే చిన్న స్టీలు డబ్బా. మీ ఇంటి పెరుగు. చలికాలం కదా, చల్లబడితే పాడవుతుందని రైల్లోనూ బస్సులోనూ పొట్టకానించుకుని కూర్చుందంట. మాకప్పుడు పాలెక్కడివి? సాయం కింద పాలపొడి ఇచ్చేవాళ్లు. ఆ పొడి పాలల్లో తోడేసింది. మా ఆయన అప్పటిదాకా అన్నం సరిగా తినలేదు, మనిషి మాట్లాడేవాడే కాదు. పొద్దున్న పెరుగు చూసి, పచ్చిమిరపకాయ ఉందా అని అడిగాడు."

ఆ ప్రయాణం నాకు తెలుసు. స్టేషన్‌లో దింపింది నేనే. ఒళ్లో తువ్వాలు చుట్టిన డబ్బా చూసి దార్లో తినడానికి పెరుగన్నం అనుకున్నాను.

"మేం ఇచ్చిన తోడే అది తీసుకెళ్లింది. మాది పోయాక మళ్లీ తెచ్చిచ్చింది. ఈ వీధి వీధంతా ఆ పెరుగే" అంది వదినగారు.

పొద్దున్న రత్తమ్మగారు వాకిట్లోకి వచ్చి అదే మాట ఇంకోలా అంది. "బావగారూ, మీ ఇంటి పెరుగు తిని బతుకుతున్నాం, మీరొచ్చి మమ్మల్ని అడుక్కుంటారేంటండీ?" నేను నవ్వలేకపోయాను. ఆమె అది గమనించి, ఆవకాయ జాడీ తెచ్చి నా సంచిలో పెట్టేసింది.

తిరుగు దారి

వదినగారు పాత స్టీలు డబ్బా వెతికి తీసింది. సుశీల తెచ్చిందే. సగం దాకా పెరుగు వేసి గుడ్డ కట్టింది. బస్సులో దాన్ని శాలువా కింద పొట్టకు ఆనించి పట్టుకున్నాను. సరిగ్గా ఎట్లా పట్టుకోవాలో తెలియలేదు. కండక్టరు రెండుసార్లు చూసి ఆగాడు.

"కడుపునొప్పాండీ? అవనిగడ్డలో డాక్టరున్నాడు, ఆపమంటారా?"

"కాదండీ, పెరుగు."

"పెరుగుకి ఒంటి మీద సీటా? టిక్కెట్టు కొట్టనా దానికి?"

బస్సంతా నవ్వింది. నా పక్కన కూర్చున్నావిడ మాత్రం నవ్వలేదు. "అనంతపురం దాకా ఉంటుందనుకున్నారా? దార్లో ఎక్కడైనా గోరెచ్చటి పాలు పోసి మళ్లీ తోడెయ్యండి. లేకపోతే పులిసిపోతుంది" అంది. తను దిగే చోట దిగుతూ మళ్లీ చెప్పింది.

మధ్యాహ్నానికి గుడివాడ చేరాను. బడ్డీ ఆయన నన్ను గుర్తుపట్టి, అడగకుండానే గ్లాసు కడిగాడు.

"టీ కాదండీ. పాలు కావాలి, చల్లారినవి."

"మళ్లీ అదే మాటా?" అన్నాడు.

సంగతి చెప్పాను. ఆయన పాలు వేరే గిన్నెలోకి తీసి బల్ల మీద పెట్టాడు. ఇద్దరం ఎదురుచూశాం. ఈలోగా వచ్చినవాళ్లకు టీలు పోశాడు.

"మీరు చూస్తారా?" అన్నాను.

"నా వేలు పనికిరాదండీ. పొయ్యిలో పెట్టినా దానికి తెలియదు."

నేనింకా ఏ గిన్నే ముట్టుకోలేదు. చిటికెన వేలు ముంచాను. ఇంకా కొంచెం వేడి ఉంది. ఆగాను. మళ్లీ ముంచాను. "ఊఁ" అన్నాను, పైకే.

"ఎవరితోనండీ?" అన్నాడు ఆయన.

ఆ పాలు డబ్బాలోని పెరుగులో పోసి కలిపాను. రైలు వేళ దాకా డబ్బాను స్టవ్ పక్కన, సెగ తగిలీ తగలనట్టు పెట్టుకోనిచ్చాడు. పాలకు డబ్బులు తీసుకోలేదు. పాలు పోసే ముందే తీసి ఉంచిన చెంచాడు తోడు ఆయన గ్లాసులో వేసిచ్చాను. "మా ఆవిడకిస్తాను. ఏ ఊరి పెరుగని చెప్పమంటారు?" అన్నాడు. కాసేపు ఆలోచించి, దివిసీమది అని చెప్పాను.

ఇంటికొచ్చి డబ్బా విప్పితే తోడుకుని ఉంది. డబ్బా వంచినా కదల్లేదు.

ఇప్పుడు రోజూ రాత్రి పాలు నేనే కాచి, కుడి చేత్తో దించుతాను. ఎడమ చెయ్యి దేన్నీ ముట్టుకోకుండా ఉంచుకుని దాంతో చూస్తాను. పెరుగు బాగానే ఉంటోంది. ఎదురింటివాళ్లు తోడు తీసుకెళ్తున్నారు, దీపాలు పెట్టకముందే. వదినగారికి ఉత్తరం రాశాను. మెస్ ఆలోచన మానేశాను. గోరువెచ్చకు అర్థం మాత్రం ఇప్పటికీ మాటల్లో చెప్పలేను.

మా వంటింట్లోంచి "ఓసారి వేలు పెట్టి చూడండి" అని ఇప్పుడు ఎవరూ పిలవరు.